ఎదిగిన చెట్టు.. నిలిచిన చెట్టు

చాలా ఇళ్లలో గుమ్మం పక్క గోడమీద కొన్ని పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. ప్రతి పుట్టినరోజుకీ పిల్లాణ్ని గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద స్కేలు పెట్టి నాన్న గీసిన గీతలవి. పక్కనే తేదీ. అన్న గీతలు ఒకవైపు, తమ్ముడివి మరోవైపు. ఇద్దరూ తిన్నది ఒకే కుండలో అన్నం, పడుకున్నది ఒకే పక్కమీద. అయినా తొమ్మిదో ఏట అన్న ఎంత ఎత్తున్నాడో, తమ్ముడు ఏడో ఏటే అక్కడికి వచ్చేస్తాడు. ‘వీడిది మేనమామ పోలిక’ అంటుంది అమ్మమ్మ. ‘పెద్దాడు సరిగ్గా తినడు’ అంటుంది అమ్మ. పదో తరగతికొచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. వెనకబడ్డవాడు ఒక్క ఏడాదిలో జానెడు పెరిగి అందర్నీ ఆశ్చర్యపరుస్తాడు. ఇంటికి సున్నాలు వేయించే రోజున కూడా ఆ గోడముక్కని మాత్రం వదిలేయమంటుంది అమ్మ.

సరిగ్గా ఇదే పని అడవిలో చేసేవాళ్లున్నారు. ఒకే రోజు నాటిన మొక్కలకి వరసగా నంబర్లు కట్టి, ఏళ్ల తరబడి ఎత్తు కొలిచి, ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత రాసుకుని, ఆ పుస్తకాన్ని తర్వాతి తరానికి అప్పజెప్పేవాళ్లు. ఈ పని ఎక్కువగా జరిగింది పైన్ చెట్ల మీదే. ‘ఒకే జాతి చెట్లు ఒకే నేలలో ఒకేలా ఎందుకు పెరగవు?’ అన్న చిన్న ప్రశ్నకి జవాబు కోసం మనుషులు 200 ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపులో తెలిసిన సంగతులు చెట్లకే కాదు, పిల్లల్ని పెంచేవాళ్లకీ ఎక్కడో తగులుతాయి.

సరుగుడు కాదు.. పైన్!

మన కోస్తాలో పెరిగినవాళ్లకి సూదుల్లాంటి ఆకులంటే గుర్తొచ్చేది సరుగుడు తోట. కానీ సరుగుడుకీ పైన్‌కీ చుట్టరికం లేదు. పైన్ ఆకులు నిజంగానే సూదులు, రెండో మూడో అయిదో కలిపి గుత్తిగా పుడతాయి. విత్తనాలు చెక్కపొలుసుల కాయలో దాక్కుంటాయి. కాండానికి గాటు పెడితే జిగురు కారుతుంది. టర్పెంటైన్ తీసేది ఆ జిగురు నుంచే. మన దేశంలో పైన్‌లు సహజంగా పెరిగేది హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో. వింధ్యకి దక్షిణాన ఏ పైనూ తనంతట తాను మొలవలేదు. అరకు చుట్టుపక్కల పర్యాటకులు ఫొటోలు దిగే పైన్‌లు కూడా మనుషులు నాటి పెంచినవే.

ప్రపంచంలో పైన్ జాతులు 100కి పైనే. కాగితానికి, దూలాలకి, తలుపులకి, స్తంభాలకి దేశదేశాల్లో ఎక్కువగా నాటే చెట్లలో ఇవి ముందుంటాయి. పైన్‌ని ఒకసారి నాటితే కోతకి పాతిక నుంచి ఎనభై ఏళ్లు పడుతుంది. వరి విత్తనం తప్పయితే ఒక పంట పోతుంది. పైన్ విత్తనం తప్పయితే ఒక జీవితకాలం పోతుంది. ఈ ప్రయోగాల వెనకున్న భయం అదే.

ఓడ స్తంభం కోసం

కథ ఫ్రాన్సులో మొదలైంది. తెరచాప ఓడలు సముద్రాల్ని ఏలే రోజులవి. తెరచాప కట్టే స్తంభానికి నిటారైన పొడవాటి మాను కావాలి. యూరప్ అంతటా దొరికే స్కాట్స్ పైన్ అందుకు పనికొస్తుంది కానీ ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. బాల్టిక్ తీరంలోని రీగా రేవు నుంచి వచ్చే దుంగలు గీత గీసినట్టు తిన్నగా ఉండేవి. మరికొన్ని ప్రాంతాల చెట్లు వంకరలు తిరిగి, లావుపాటి కొమ్మలతో ఉండేవి. జాతి మాత్రం ఒకటే.

మరి ఆ నిటారుతనం ఎక్కడిది? చలిదా, నేలదా, విత్తనానిదా?

పారిస్‌లో విత్తనాల వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన ఫిలిప్ ఆండ్రే ద విల్‌మోరిన్ ఈ సంగతి తేల్చాలనుకున్నాడు. 1821లో లే బార్ అనే చోట ఒక ఎస్టేటు కొన్నాడు. రీగా నుంచీ, జర్మనీ నుంచీ, స్కాట్లండ్ నుంచీ, ఫ్రాన్సులోనే వేరువేరు ప్రాంతాల నుంచీ స్కాట్స్ పైన్ విత్తనాలు తెప్పించి పక్కపక్కనే నాటించాడు. అందరికీ ఒకటే నేల, ఒకటే వాన.

ఏళ్లు గడిచాయి. రీగా విత్తనం నుంచి వచ్చిన చెట్లు ఫ్రెంచి నేలమీద కూడా రీగాలోలాగే తిన్నగా లేచాయి. వంకర చెట్ల ఊళ్ల నుంచి వచ్చినవి వంకరగానే పెరిగాయి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనవాళ్లు పెంపకం గురించి అంటారు. విల్‌మోరిన్ తోట దానికి ఇంకో ముక్క కలిపింది. కొన్ని వంపులు మొక్క కంటే ముందే, విత్తనంలోనే ఉంటాయని! విల్‌మోరిన్ 1862లో చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత ప్రభుత్వం ఆ తోటని కొనుక్కుంది. తాను నాటిన చెట్లు పూర్తిగా ముదరడం చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఈ రంగంలో ఇది మామూలే.

మన దేశంలోనూ ఈ ప్రశ్న తలెత్తింది. హిమాలయాల చిర్ పైన్‌లో కొన్ని చెట్ల కలప తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటుంది. కోస్తే పలక నిలవదు. డెహ్రాడూన్‌లో పనిచేసిన అటవీ శాస్త్రవేత్త హెచ్.జి. చాంపియన్ ఈ మెలికి మూలం వంశంలో ఉందా అని పరిశీలించి, అడవులు పెంచేటప్పుడు విత్తనం ఎక్కణ్నుంచి తెస్తున్నామన్నది ఎంత ముఖ్యమో 1933లోనే రాశాడు.

నాలుగు ఊళ్ల విత్తనం

ఇప్పుడు అట్లాంటిక్ దాటి అమెరికా దక్షిణాదికి వెళ్దాం. 1920ల నాటికి అక్కడి పాత పైన్ అడవుల్ని కలప కంపెనీలు చాలావరకు నరికేశాయి. మైళ్లకు మైళ్లు మోడులే. మళ్లీ నాటాలి. ఏ విత్తనంతో? లోబ్లోలీ పైన్ విత్తనం ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనేయడమే అప్పటి పద్ధతి. లోబ్లోలీ లోబ్లోలీయే కదా!

న్యూ ఆర్లియన్స్‌లోని అటవీ పరిశోధన కేంద్రంలో పనిచేసే ఫిలిప్ వేక్‌లీకి ఆ మాట మింగుడుపడలేదు. లూసియానా, టెక్సస్, జార్జియా, అర్కాన్సా.. ఈ నాలుగు రాష్ట్రాల విత్తనంతో నారు పోయించి, 1926-27 చలికాలంలో లూసియానాలోని బొగలూసా అనే ఊళ్లో పక్కపక్కనే నాటించాడు. నారుమళ్లో చూస్తే నాలుగూ లోబ్లోలీలే. ఇది ఫలానా ఊరిదని చూపుతో చెప్పడం కష్టం.

పదిహేనేళ్లు తిరిగేసరికి తేడా కళ్లకు కట్టింది. దగ్గర్లోని లివింగ్‌స్టన్ ప్రాంతపు విత్తనం చెట్లు అన్నిటికంటే ముందున్నాయి. అందరికంటే వెనకబడ్డ జట్టుతో పోలిస్తే ఎకరాకి రెట్టింపుకు పైగా కలప వచ్చింది. అంతేకాదు, కాండం మీద గడ్డలా ఉబ్బి చెట్టుని విరిచేసే తుప్పు తెగులు జార్జియా చెట్లని బాగా పట్టుకుంది. పక్క వరసలోనే ఉన్న స్థానిక చెట్లు చాలావరకు తప్పించుకున్నాయి.

చవగ్గా దొరికిందని కొన్న విత్తనం ఎంత ఖరీదైనదో అప్పటికి తెలిసొచ్చింది. పదిహేనేళ్ల కౌలు, కూలీ, కాపలా అన్నీ పెట్టాక!

దాంతో 1951లో దక్షిణాది రాష్ట్రాలన్నీ కలిసి ఇంకా పెద్ద పరీక్ష మొదలుపెట్టాయి. ఈసారి నాలుగు పైన్ జాతులు. ఒక్కో జాతికి ఎన్నో చోట్ల నుంచి విత్తనం. ఇందులో తేలిన సంగతి బొగలూసా పాఠాన్ని కొంచెం సవరించింది. ‘ఉన్న ఊరి విత్తనమే ఎప్పుడూ మేలు’ అనుకోవడానికి వీల్లేదన్నమాట. వెచ్చటి తీరప్రాంతపు విత్తనాన్ని కొద్దిగా చల్లని చోటికి తీసుకెళ్తే అక్కడి చెట్ల కంటే వేగంగా పెరిగింది. మరీ చల్లని చోటికి తీసుకెళ్తే మంచు దెబ్బకి పోయింది. మిసిసిపీ నదికి తూర్పున పుట్టినవాటికి వేగం ఎక్కువ. పడమటివాటికి కరవునీ తెగులునీ తట్టుకునే గుణం ఎక్కువ. బొగలూసాలో గెలిచిన లివింగ్‌స్టన్ విత్తనాన్ని తర్వాతి రోజుల్లో తూర్పు రాష్ట్రాలకి పెద్దఎత్తున పంపారు, తుప్పు తెగులుని తట్టుకుంటుందని.

పరీక్ష అంటే ఇలా పెట్టాలి

ఇలాంటి పోలిక న్యాయంగా ఉండాలంటే చాలా జాగ్రత్తలు కావాలి. పొలం చేసినవాళ్లకి ఇవి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే చెక్కలో పల్లపు మూలన ఒకలా, మెరక మూలన ఒకలా పంట పండుతుంది. గట్టు పక్క మొక్క ఎండ ఎక్కువ తిని ఏపుగా లేస్తుంది. ఒక రకం మొత్తాన్ని పల్లంలోనూ, మరో రకాన్ని మెరకలోనూ నాటితే గెలిచింది రకమా, నేలా? తేల్చడం కుదరదు.

అందుకే తోటని చిన్నచిన్న మళ్లుగా విడగొడతారు. ప్రతి రకాన్నీ చాలా మళ్లలో వేస్తారు. ఏ రకం ఏ మడిలోకి రావాలో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. చుట్టూ అంచు వరసలు నాటి వాటిని లెక్కలోకి తీసుకోరు. నారు కూడా ఒకే వయసుది, ఒకేచోట పెంచినది. ఇన్ని చేశాక కూడా తేడా కనిపిస్తే, అది విత్తనం మాట్లాడుతున్న మాట.

విత్తనంలో పంచాంగం

ఇంతకీ విత్తనం లోపల ఏముంది? ముఖ్యంగా ఒక పంచాంగం.

చల్లటి దేశాల్లో చెట్టుకి పెద్ద ప్రశ్న ఎదగడం ఎలా అన్నది కాదు, ఎప్పుడు ఆపాలన్నది. చలి ముంచుకొచ్చే లోపు లేత చిగురు గట్టిపడి, మొగ్గ మూసుకోవాలి. చెట్టు దీన్ని రాత్రి పొడవుని బట్టి పసిగడుతుంది. రాత్రి ఇంత పొడవయిందంటే చలి దగ్గరపడిందని తాత ముత్తాతల నుంచి వచ్చిన లెక్క. ఆ లెక్క వాళ్ల ఊరికే సరిపోతుంది. స్వీడన్ ఉత్తరాది స్కాట్స్ పైన్‌ని దక్షిణానికి తెస్తే, ఇంకా ఎండ కాస్తుండగానే పని ముగించుకుని పడుకుంటుంది. పక్కనున్నవి ఇంకో నెల పెరుగుతాయి. ఇది పొట్టిగా మిగులుతుంది. దక్షిణాది విత్తనాన్ని ఉత్తరానికి తీసుకెళ్తే ఆలస్యంగా దాకా పెరుగుతూనే ఉండి మంచుకి దొరికిపోతుంది. కొత్త ఊళ్లో పాత ఊరి పంచాంగం చూసుకుని బతకడం లాంటిది.

అంటే పొట్టిగా ఉన్న చెట్టు బద్ధకస్తురాలు కాదు, జాగ్రత్తపరురాలు. పొడుగ్గా ఉన్నది గొప్పదని కాదు, పెద్ద చలి ఇంకా రాలేదని అర్థం కావచ్చు. మూడేళ్ల ఎత్తు చూసి తీర్పు చెప్పేసిన చాలామంది ఇరవయ్యో ఏట నాలిక్కరుచుకున్నారు.

విత్తనంలో లేనిదీ ఒకటుంది. 1950లలో కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రీకో దీవిలో ఎన్ని రకాల పైన్‌లు నాటినా పసుపుపచ్చగా మారి చచ్చిపోతుండేవి. ఎరువులు వేసినా అంతే. చివరికి అమెరికా పైన్ అడవి నుంచి తెచ్చిన మట్టిని వేళ్ల దగ్గర కలిపారు. ఆ మట్టిలో ఉన్న ఒకరకం శిలీంధ్రం వేళ్లని అల్లుకుని నేలలోని భాస్వరాన్ని అందించింది. అంతే, మొక్కలు లేచి నిలబడ్డాయి. మట్టి కలపని వరసలు అలాగే గిడసబారిపోయాయి. మంచి విత్తనం, మంచి నేల ఉన్నా, తోడు లేక ఎదగనివీ ఉంటాయి.

ఒకే తల్లి పిల్లలు

ఊరుకీ ఊరుకీ తేడా సరే. ఒకే ఊరి విత్తనంలో, ఆఖరికి ఒకే చెట్టు కాయల్లోంచి తీసిన విత్తనంలో కూడా తేడా ఉంటుంది. పైన్ పుప్పొడి గాలిలో ఎగిరొచ్చి పడుతుంది కాబట్టి ఒకే తల్లి పిల్లలకి తండ్రులు చాలామంది. ఒకే వరసలో ఒకటి స్తంభంలా లేస్తే, పక్కది చీలి రెండు తలలు వేస్తుంది.

వెచ్చటి దేశాల్లో బాగా నాటే కరీబియన్ పైన్‌లో ఇది మరీ వింతగా ఉంటుంది. కొన్ని చెట్లు కొమ్మలు వేయడం మర్చిపోయి, ఏళ్ల తరబడి కాండం చుట్టూ సూదులు మాత్రమే వేసుకుంటూ పైకి పోతాయి. దూరం నుంచి చూస్తే నేలలో పాతిన నక్కతోకలా ఉంటుంది. దాన్ని నక్కతోక అనే పిలుస్తారు కూడా. ఎత్తులో ఇవి ఎవరికీ తీసిపోవు. కానీ పెద్ద గాలొస్తే చటుక్కున విరిగేవి వీటిలో ఎక్కువ. అదే మడిలో, అదే రోజు నాటిన పక్క చెట్టు బుద్ధిగా కొమ్మలు వేసుకుని ఉంటుంది.

ఈ తేడాల్లోంచి మంచివాటిని ఏరుకోవడమే చెట్ల పెంపకందారుల పని. 1956లో నార్త్ కరోలినాలో బ్రూస్ జోబెల్ మొదలుపెట్టిన పథకం పేరున్నది. అడవుల్లో తిరిగి, నిటారుగా తెగులు లేకుండా పెరిగిన చెట్లని ఎంచి, వాటి కొమ్మల్ని అంటుకట్టి, విత్తన తోటలు వేశారు. మొదటి తరంలోనే కలప దాదాపు పదోవంతు పెరిగింది.

మన జామాయిల్ రైతులకీ ఈ సంగతి అనుభవమే. విత్తనంతో వేసిన తోటలో ఒకటి లావు, ఒకటి సన్నం. 1990ల నుంచి భద్రాచలం క్లోన్లు వచ్చాక వరసంతా అచ్చుగుద్దినట్టు ఒకేలా లేచింది. కానీ అందరూ ఒకేలా ఉంటే ఆపద కూడా అందరికీ ఒకేసారి వస్తుంది. 2000 తర్వాత ఆకుల మీద బుడిపెలు తెప్పించే చిన్న కందిరీగలాంటి పురుగు దక్షిణ భారతమంతా పాకినప్పుడు, దానికి లొంగే క్లోను వేసిన తోటలు తోటలుగా దెబ్బతిన్నాయి. వరసలో ఉన్న హెచ్చుతగ్గులు కంటికి బాగుండవు. కానీ ఆ హెచ్చుతగ్గులే అడవికి బీమా.

గడ్డిలా కూర్చున్న చెట్టు

జాతికీ జాతికీ మధ్య తేడా చూడాలంటే మళ్లీ అమెరికా దక్షిణాదికే రావాలి. అక్కడ లాంగ్‌లీఫ్ అని ఒక పైన్ ఉంది. పేరుకి తగ్గట్టే జానెడున్నర పొడవు సూదులు. దాని బాల్యం మాత్రం విచిత్రం. మొలకెత్తాక రెండు మూడేళ్లు, ఒక్కోసారి పదేళ్లకు పైగా కూడా అది గడ్డిదుబ్బులా నేలకి అతుక్కుని కూర్చుంటుంది. కాండమే కనిపించదు. తెలియనివాళ్లు గడ్డి అనుకుని తొక్కుకుంటూ పోతారు. ఆ ఏళ్లన్నీ అది కిందికి పెరుగుతుంటుంది. తల్లివేరు దింపుకుంటుంది. అడవిలో మంటలు వచ్చి పైన సూదులు కాలిపోయినా, మధ్యలో మొగ్గ భద్రం. తర్వాత ఒక వసంతంలో ఒక్కసారిగా లేస్తుంది.

లోబ్లోలీ, స్లాష్ పైన్‌లు అలా కావు. నాటిన ఏడాది నుంచే పరుగు. కొలతల పుస్తకం చూసేవాడికి ఏది నచ్చుతుంది? ఒకప్పుడు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న లాంగ్‌లీఫ్ అడవులు 1990ల నాటికి దాదాపు 3 శాతానికి పడిపోవడానికి నరికివేత, మంటల్ని ఆర్పేయడం ఒక కారణమైతే, మళ్లీ నాటేటప్పుడు ఈ ‘మందకొడి’ చెట్టుని వద్దనుకోవడం మరో కారణం.

1960లో మిసిసిపీ రాష్ట్రంలో, సముద్రానికి దగ్గర్లోని హారిసన్ ప్రయోగ అడవిలో ఈ మూడింటినీ పక్కపక్కనే నాటారు. 22 హెక్టార్లు. 120 మళ్లు. ఒక్కో మడికి 100 చెట్లు. దుక్కి, ఎరువుల మోతాదులు మార్చి ఏది ఎంత పెరుగుతుందో చూడటం ఉద్దేశం. అనుకున్నట్టే మొదటి ఏళ్లలో లాంగ్‌లీఫ్ వెనకబడింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దూరం తగ్గుతూ వచ్చింది. కొలతలు రాసేవాళ్లు మారారు. పుస్తకం మాత్రం కొనసాగింది.

గాలి పెట్టిన పరీక్ష

2005 ఆగస్టు 29. కత్రినా తుపాను తీరాన్ని తాకింది. న్యూ ఆర్లియన్స్ మునిగిపోయిన సంగతి ప్రపంచమంతా చూసింది. అదే గాలి హారిసన్ అడవి మీదుగానూ వెళ్లింది. 45 ఏళ్ల వయసున్న ఆ తోటలో ఎవరూ తలపెట్టని పరీక్ష ఒక్క రోజులో జరిగిపోయింది.

తుపాను వెలిశాక శాస్త్రవేత్తలు ప్రతి చెట్టునీ చూసి లెక్క రాశారు. గాలికి పోయిన చెట్లు లోబ్లోలీలో నూటికి 26. స్లాష్ పైన్‌లో 14. లాంగ్‌లీఫ్‌లో 7. మధ్యలో ఉన్న స్లాష్ సంగతి గట్టిగా చెప్పలేం కానీ, లోబ్లోలీకీ లాంగ్‌లీఫ్‌కీ మధ్య తేడా మాత్రం యాదృచ్ఛికం కాదని లెక్కలు తేల్చాయి. పొడవైన చెట్లకి గాలి ఎక్కువ తగిలిందా అంటే, మడిలో చెట్ల ఎత్తుతో గానీ ఒత్తుతో గానీ ఈ తేడాకి సంబంధం లేదని కూడా తేలింది.

పక్కపక్కనే, ఒకే ఏడాది నాటిన చెట్లు కాబట్టే ఈ మాట చెప్పగలిగారు. మామూలు అడవిలో అయితే ‘అక్కడ గాలి తక్కువేమో, నేల గట్టిదేమో’ అని వాదించుకుంటూ ఉండిపోయేవాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వెళ్లిపోయిన మర్నాడు విశాఖ రోడ్లమీద చెట్లని దాటుకుంటూ నడిచినవాళ్లకి ఈ లెక్క విలువ తెలుస్తుంది. ఏ చెట్టు ఎంత త్వరగా నీడనిస్తుందన్న ప్రశ్న పక్కనే, ఏ చెట్టు నిలబడుతుందన్న ప్రశ్న కూడా ఉంటుంది. రెండోదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది.

లోబ్లోలీ చెడ్డ చెట్టనీ కాదు. పాతికేళ్లకి కోసుకుని కాగితం చేసుకునేవాడికి అదే మేలు. ఎవరికి, ఎన్నేళ్లకి, దేనికోసం అన్నది అడక్కుండా ‘ఏది మంచిది’ అని అడిగితే చెట్టు దగ్గర జవాబు లేదు.

రేపటి ఎండకి నేటి విత్తనం

ఈ పాత తోటలకి ఇప్పుడు కొత్త పని పడింది. వాతావరణం వేడెక్కుతోంది. ఈరోజు నాటిన పైన్ అరవై ఏళ్ల తర్వాత ఎలాంటి ఎండలో నిలబడాలో తలచుకుంటే అటవీశాఖలకి నిద్రపట్టదు. తాత ముత్తాతల పంచాంగం అలాగే ఉంది. ఊరి వాతావరణమే మారిపోతోంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కీత్ ఇల్లింగ్‌వర్త్ అనే అటవీ శాస్త్రవేత్త లాడ్జ్‌పోల్ పైన్ విత్తనాల్ని 140 చోట్ల నుంచి సేకరించి, 1974లో 60 స్థలాల్లో నాటించాడు. వాతావరణ మార్పు గురించి మామూలు జనం మాట్లాడుకోని రోజులవి. మంచి కలప ఎక్కడిదో తెలుసుకుందామన్నదే అప్పటి ఆలోచన. కానీ చల్లటి చోటి విత్తనం వెచ్చటి చోట, వెచ్చటి చోటి విత్తనం చల్లటి చోట ఎలా పెరిగిందో ఆ 60 తోటల్లోనూ రాసి ఉంది. కొన్ని దశాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు ఆ లెక్కల్నే తిరగేసి, ఊరు రెండు డిగ్రీలు వేడెక్కితే ఆ ఊరి చెట్టుకి ఏమవుతుందో అంచనా కట్టారు. ఉత్తరాన ఉన్న చాలా చెట్లు కాస్త వేడెక్కితే మొదట్లో బాగానే పెరుగుతాయి, దక్షిణపు అంచున ఉన్నవి కుంగుతాయి అని తేలింది. 2009లో ఇంకో ప్రయోగం మొదలైంది. ఈసారి యూకాన్ నుంచి కాలిఫోర్నియా దాకా 48 చోట్ల, కావాలనే దూరాల విత్తనాలు నాటి చూస్తున్నారు. 2018 నుంచి బ్రిటిష్ కొలంబియాలో విత్తనాన్ని ఊరిని బట్టి కాక, రాబోయే వాతావరణాన్ని బట్టి ఎంచే పద్ధతి మొదలుపెట్టారు.

డబ్బు పెట్టి కొత్త యంత్రం కొనొచ్చు. యాభై ఏళ్ల తోటని మాత్రం కొనలేం. ఎవరో యాభై ఏళ్ల కిందట నాటి ఉండాలి. మధ్యలో ఎవరూ నరక్కుండా ఉండాలి. నంబరు బిళ్ల ఊడిపోతే మళ్లీ కట్టే మనిషి ఉండాలి. ఇలాంటి తోటల్ని ‘ఇంకా ఎందుకు, ఖర్చు దండగ’ అని వదిలేయడం చాలా తేలిక. వదిలేసిన పక్క ఏడాదే కత్రినా రావచ్చు.

విల్‌మోరిన్ ఓడ స్తంభం కోసం నాటాడు. తెరచాప ఓడలే పోయాయి, అతని ప్రశ్న మిగిలింది. హారిసన్‌లో ఎరువు మోతాదు కోసం నాటారు. గాలి గురించి తెలిసింది. నాటినవాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి, చెట్లు చెప్పిన జవాబు ఇంకొకటి. రెండింటి మధ్యా ఎవరో ఓపిగ్గా కొలుస్తూనే ఉన్నారు.

గుమ్మం పక్కన గోడమీద గీతలూ అంతే. ఏడో ఏట గీత చూసి అన్నదమ్ముల్లో ఎవరు గొప్పో తేల్చేయడానికి కాదు అవి గీసింది. ఎవరు ఎప్పుడు ఆగారో, ఎప్పుడు లేచారో గుర్తుండటానికి. ఈసారి సున్నాలు వేయించేటప్పుడు కూడా ఆ ముక్కని వదిలేయడమే మంచిది.